దేవమ్మ పొన్నగంటి కోసిన చోటు

చివరి సోమవారం సాయంత్రం దేవమ్మ చేసిన పని ఆమె ఎప్పుడూ చేసే పనే. కాప్రాలో తమ ఇంటి ముందు గచ్చు మీద గోనెపట్టా పరుచుకుని, కాళ్ళు చాపుకుని కూర్చుంది. సంచిలోంచి పొన్నగంటి కాడలు తీసి ఒక్కొక్కదాన్నీ బొటనవేలి గోటితో నొక్కి చూసింది. గట్టి కాడైతే గోరు ఆగుతుంది. డొల్ల కాడైతే లోపలికి దిగిపోతుంది. ఆ రోజు దిగిపోయింది ఒక్కటీ లేదు.

లోపల మిషను మీద జాకెట్టు కుడుతున్న కూతురు ఊర్మిళ తలెత్తి చూసింది.

"ఎన్నిసార్లు నొక్కుతవే అమ్మా? కోసేటప్పుడే చూసుకోరాదు?"

"కోసేటప్పుడు సుత చూస్త, కట్టేటప్పుడు సుత చూస్త. నీకేం తక్లీఫ్?"

"గోరు అరిగిపోతది."

"గోరు అరుగుతే మల్ల వస్తది. పేరు పోతే వస్తదా?"

ఆ మాట ఊర్మిళ చాలాసార్లు విన్నదే. మళ్ళీ తల వంచుకుని మిషను తొక్కింది. దేవమ్మ కాడల్ని కట్టలుగా కట్టి, తట్టలో పేర్చి, తడిగుడ్డ కప్పి, నీడగా ఉండే మూలకు జరిపింది. "రేపు జెర పొద్దుగాల లేపు" అని చెప్పి పడుకుంది.

తెల్లారి ఊర్మిళ లేపితే లేవలేదు. చూడడానికి వచ్చిన డాక్టరు నిద్రలోనే గుండె ఆగిందన్నాడు. వయసెంత అని అడిగాడు. అరవై దాటింది. ఎంత దాటిందో ఆధార్ కార్డు ఒకటి చెప్పేది, దేవమ్మ ఇంకోటి చెప్పేది. ఊర్మిళ కార్డులో ఉన్నదే చెప్పింది.

ఆ హడావుడిలో మూలనున్న తట్ట ఎవరికీ గుర్తు రాలేదు. మూడోనాడు ఊర్మిళ అన్న లక్ష్మణ్ గుడ్డ తీసి చూస్తే కట్టలు పసుపెక్కి ఉన్నాయి. తీసుకెళ్ళి పక్కింటి మేకలకు వేశాడు.

ఆ రోజే పిట్టకు పెట్టారు. చెరువు దగ్గర విస్తరి వేసి, అందరూ వెనక్కి జరిగి నిలబడ్డారు. కాకి రాలేదు. ఎదురు చూశారు. మళ్ళీ పిలిచారు. చివరికి ఎదుటి అపార్టుమెంటు బాల్కనీల నుంచి పావురాలు గుంపుగా దిగి, విస్తరి చుట్టూ చేరి తినడం మొదలుపెట్టాయి.

"కాకి ముట్టాలె కదరా" అన్నాడు వాడకట్టులో పెద్ద దిక్కయిన వడ్ల బ్రహ్మచారి.

"కాకులేడున్నయి మామా?" అన్నాడు లక్ష్మణ్. "పావురం పిట్ట కాదా?"

బ్రహ్మచారి ఎదుటి బాల్కనీల వైపు చూశాడు. జీవితమంతా కర్ర కోసిన మనిషి. "కాకికి చెట్టు కావాలె, అది కొట్టేసినం. పావురానికి సజ్జ ఉంటే చాలు, అది కట్టి పెట్టినం. ఇగ ఏది వస్తే గదే పిట్ట. తిననియ్యి."

ఊర్మిళకు ఏడుపులో నవ్వొచ్చింది. అమ్మ ఉంటే ఈ మాటను నాలుగిళ్ళలో చెప్పి వచ్చేది.

ఇళ్ళకు మళ్ళుతుంటే బ్రహ్మచారి, "నెల మాసికం నాడు మీ అమ్మకు ఏది ఇష్టమో అది వండి పెట్టున్రి" అన్నాడు.

"పెసరపప్పు, పొనగంటి" అంది ఊర్మిళ.

"గదెంత పని? శామీర్‌పేట నుంచి వచ్చే కూరగాయల ఆటోల దొరుకుతది" అన్నాడు లక్ష్మణ్.

"ఆటోల వచ్చేది మడిల పెంచింది. అమ్మ దాన్ని ముట్టకపోతుండె. అమ్మ కోసేదే పెట్టాలె."

"యాడ కోస్తుండెనో నీకు తెలుసా?"

ఊర్మిళ చెరువు గట్టు వైపు చూసింది. ఆమెకు తెలియదు.

*

కీసర దగ్గరి పల్లె నుంచి దేవమ్మ కాప్రాకు కోడలిగా వచ్చేనాటికి చెరువు చుట్టూ ఇళ్ళకంటే తాటిచెట్లు ఎక్కువ. భర్త పర్వతాలు చెరువులో వల వేసేవాడు. అత్త గట్టు వెంట ఆకుకూర కోసుకుని అమ్మేది. ఎండాకాలం నీళ్ళు వెనక్కి పోయినకొద్దీ తడి నేల బయటపడేది. ఆ నేల మీద పొన్నగంటి చాపలా అల్లుకునేది. సన్నటి కాడ, చిన్న ఆకు, ఆకు మొదట్లో కాడకు అతుక్కున్నట్టు తెల్లటి పూలగుత్తి. అత్త కోడలికి నేర్పిన పాఠం రెండే ముక్కలు. ఒకటి, గణుపు వదిలి కోయాలి. గణుపుంటే మళ్ళీ చిగురేస్తుంది. రెండు, కోసే చోటు ఎవరికీ చెప్పకూడదు. చెప్తే గణుపు మిగలదు.

రెండోదాన్ని అత్త ఎంత గట్టిగా పాటించిందంటే, తన మంచి చోట్లు దేవమ్మకు కూడా మంచం పట్టాకే చెప్పింది. అప్పటిదాకా అత్తా కోడలూ ఒకే ఇంట్లోంచి బయల్దేరి చెరో దారిన పోయి, ఒకే కూరతో తిరిగొచ్చేవారు. దేవమ్మ కూడా ఊర్మిళకు అట్లాగే చెప్పాలనుకుందేమో. కానీ ఆమె మంచం పట్టలేదు.

అత్త పోయాక తట్ట దేవమ్మ నెత్తికెక్కింది. ఈసీఐఎల్ బస్టాపు దాకా నడిచి, బస్సు పట్టుకుని సీతాఫల్‌మండిలో దిగేది. ఒక సందు మొదట్లో, మూతపడిన పిండిగిర్ని మెట్టు మీద కూర్చునేది. తోటకూర, పాలకూర, గోంగూర అందరి దగ్గరా ఉండేవి. దేవమ్మ పిలుపు వేరు. "పొనగంటీ... చెర్వు పొనగంటీ..." అని చివరి అక్షరం పైకి లాగేది. మడిలో పెంచిన పొన్నగంటి మార్కెట్టులోకి వచ్చిన కొత్తలో ఊర్మిళ అడిగింది, అదే కొని అమ్మొచ్చు కదా, కోసే బాధ తప్పుతుందని.

"పెంచింది అందరు అమ్ముతరు. గదానికి దేవమ్మెందుకు?" అంది తల్లి.

గిర్నీకి ఎదురుగా ఉన్న పాత డాబా ఇల్లు జగదాంబది. పాలకొల్లు వైపు మనిషి. భర్తకు రైల్వేలో ఉద్యోగమని వచ్చి, ఆయన రిటైరైనా ఇక్కడే ఉండిపోయారు. పొన్నగంటి కళ్ళకు మంచిదని ఆమె నమ్మకం. వారానికి రెండుసార్లు కొనేది, ప్రతిసారీ బేరమాడేది. ఇంటి వెనక పెరట్లో ఉన్న బాత్‌రూం దేవమ్మ వాడుకోవచ్చని ఒక ఎండాకాలం తనే పిలిచి చెప్పింది. రోజంతా రోడ్డు మీద కూర్చునే ఆడమనిషికి అదెంత పెద్ద సాయమో ఇద్దరికీ తెలుసు. దాన్ని ఇద్దరూ ఎన్నడూ పైకి అనలేదు. కూర దగ్గర మాత్రం ఒకరికొకరు అర్ధరూపాయి వదిలేవారు కాదు.

*

చెరువు మారడం మొదట పర్వతాలు వలలో కనిపించింది. కాలనీలు పెరిగి మోరీ నీళ్ళు చెరువులోకి మళ్ళాయి. పరకలు తగ్గాయి, జెల్లలు తగ్గాయి, కొర్రమీను ఎప్పుడో ఒకటి పడేది. వాటి చోట నల్లగా, మీసాలతో, మూరెడు క్యాట్‌ఫిష్‌లు పడసాగాయి. గుర్రపుడెక్క నీళ్ళను కప్పేసింది. దాని మీద నీలి రంగు కోళ్ళలాంటి పిట్టలు నడుచుకుంటూ తిరిగేవి. కొంగలు చెరువు వదిలి చెత్తకుప్పల దగ్గరకు మారాయి. పర్వతాలు ఒకరోజు క్యాట్‌ఫిష్ తెచ్చి ఇంట్లో పెడితే, దేవమ్మ దాని మొహం చూసి, "నేను కొయ్య, నేను వండ" అని అవతలికి నెట్టింది. ఆయన వల మడిచి అటక మీద పెట్టేసి, ఒక అపార్టుమెంటులో వాచ్‌మన్‌గా చేరాడు. పోయేదాకా ఆ పనిలోనే ఉన్నాడు.

చేపను అంత తేలిగ్గా గుర్తుపట్టిన మనిషి కూర దగ్గర మోసపోయింది. చేప మారితే మొహం మారింది. కూర మారితే మొహం మారలేదు.

ఆ యేడు పొన్నగంటి ఎన్నడూ లేనంత బాగా వచ్చింది. గట్టు మీదే కాదు, నీళ్ళ మీదికి కూడా పాకింది. లావు కాడ, పెద్ద ఆకు. పావుగంట కోస్తే తట్ట నిండేది. దేవమ్మ సంబరపడింది. "చూసినవా, చెర్వుకు బలమొచ్చింది" అని ఊర్మిళకు చూపించింది. సీతాఫల్‌మండిలో పిలుపు ఇంకాస్త పొడుగు తీసింది. మొదటి వారం కట్టలన్నీ మధ్యాహ్నానికే అయిపోయాయి.

రెండో వారం జగదాంబ గేటు తీసుకుని బయటికొచ్చింది. ఒక చేతిలో స్టీలు గిన్నె, ఇంకో చేతిలో పొన్నగంటి కాడ. కొంగు నడుముకు బిగించి ఉంది. ఆ రోజు లైనింగు గుడ్డ కొనడానికి వచ్చిన ఊర్మిళ కూడా అక్కడే ఉంది.

"ఏమ్మా దేవమ్మా, నా మీద నీకేమైనా కోపమా?"

"కోపమెందుకమ్మా?"

"మరి గడ్డి తినిపిస్తున్నావేం? పప్పు ఉడికింది, ఇది ఉడకలేదు. మా ఆయన ముద్ద నోట్లో పెట్టుకుని నములుతూనే ఉన్నారు. టీవీలో వార్తలు మొదలై, అయిపోయి, మళ్ళీ మొదలయ్యాయి."

పక్కన పూలమ్మే సలోమి ఫక్కుమంది. దేవమ్మ ఆమెను ఒక చూపు చూసి జగదాంబ వైపు తిరిగింది.

"నీ పప్పు మంచిది కాదేమో చూసుకో. నా కూరకేమైంది? చెర్వుది. ఎన్నేండ్ల సంది తింటున్నవ్?"

"ఎన్నేళ్ళ నుంచి తింటున్నాననే అడుగుతున్నా. ఇదిగో చూడు." జగదాంబ ఆ కాడను రెండు గణుపుల మధ్య తుంచి, ఒక కొస పెదాల దగ్గర పెట్టుకుని దేవమ్మ మొహం మీదికి ఊదింది. దేవమ్మ నుదుటి మీది వెంట్రుకలు కదిలాయి.

"బొప్పాయి కాడలా గాలి వస్తోంది. పొన్నగంటికి గాలి వస్తుందా? నువ్వే చెప్పు."

సలోమి ఈసారి నవ్వు ఆపుకోలేకపోయింది. కొనడానికి ఆగిన ఇద్దరు కట్టలు కింద పెట్టేసి ముందుకు నడిచారు.

దేవమ్మ ఆ పూట మాట తగ్గించుకోలేదు. వానలెక్కువైనయి, బలిసింది, లేతది చూసి తెస్తానంది. కానీ ఇంటికొచ్చాక ఒక్కతే గచ్చు మీద కూర్చుని, మిగిలిన కట్ట విప్పి, ఒక్కో కాడా తుంచి ఊదింది. అన్నిట్లోంచీ గాలి వచ్చింది. పూత కోసం వెతికింది. ఒక కాడకు దొరికింది. తెల్ల పూవే. కానీ కాడకు అతుక్కుని లేదు. సన్నటి తొడిమ మీద దూరంగా నిలబడి ఉంది.

"ఊర్మిళా" అని పిలిచింది. "ఇది పొనగంటి కాదే."

ఊర్మిళ ఫోనులో వెతికింది. బొమ్మలు దొరికాయి. ఎక్కడో దక్షిణ అమెరికా మొక్క. ఇంగ్లీషులో దానికి మొసలి పేరు పెట్టారు. పొన్నగంటికి దగ్గరి చుట్టమే. మురికినీళ్ళు పడిన చెరువుల్లో ఆబగా పెరుగుతుందని రాసి ఉంది. చదివి వినిపిస్తే దేవమ్మ అంతా విని, "గంత దూరం నుంచి వచ్చి నా గట్టే దొరికిందా దీనికి" అంది.

మర్నాడు ఖాళీ తట్టతో సీతాఫల్‌మండి పోయింది. జగదాంబ గేటు కొట్టి, మెట్ల కింద నిలబడి చెప్పింది. ఊర్మిళకు ఈ మాట సలోమి ద్వారా తెలిసింది.

"అమ్మా, నువ్వన్నదే నిజం. నేను పోల్చుకోలే. అసలుది దొరికేదాంక నీ గేటు ముందర పొనగంటి అని ఒర్ర."

"అయ్యో, అంత మాటెందుకే! మిగతా కూరలు అమ్ముకో" అంది జగదాంబ.

"అవి అమ్ముకుంట. గది మాత్రం ఒర్ర."

*

ఆ తర్వాత సందులో పొన్నగంటి పిలుపు లేదు. దేవమ్మ ఆటోలో వచ్చే తోటకూర, పాలకూర కొనుక్కుని వెళ్ళి అమ్మేది. గిరాకీ సగమైంది. తిండికి లోటు రాలేదు, లక్ష్మణ్ స్కూలు వ్యాను నడుపుతున్నాడు, ఊర్మిళకు మిషను ఉంది. ఊర్మిళ భర్త హరికిషన్ లారీ మీద పోయి వారానికోసారి వచ్చి ఇంటి ఖర్చు ఇచ్చి పోయేవాడు. మానెయ్యమని అందరూ అన్నారు. దేవమ్మకు కావలసింది గిరాకీ కాదు. ఆ గేటు ముందు తన పిలుపు తనకు తిరిగి రావాలి.

ఆదివారాలు ఊర్మిళను వెంటేసుకుని వెతకడానికి పోయేది. మొదట చెరువు చుట్టూ తిరిగారు. పాత చోట్లు ఒక్కొక్కటే చూపిస్తుంటే, వాటి గుట్టు దాచాల్సిన పని ఇక లేదని ఊర్మిళకు అర్థమైంది. ఒక చోట గట్టు మీద కూర్చుని దేవమ్మ అంది:

"ముందుగాల చెర్వు ఎండుతుండె. ఎండుతే గట్టు బయటపడుతుండె. గట్టు బయటపడితేనే పొనగంటి. ఇప్పుడు పన్నెండు నెలలు మోరీ నీళ్ళొస్తనే ఉన్నయి. నిండు చెర్వు అని మనం ఖుష్ అయితున్నం. దానికి కాలు పెట్టే జాగ లేదు."

"మరి అది పోయి ఏడ ఉంటదే?"

"తడి ఉండాలె, మునగొద్దు. గసుంటి తావుల ఉంటది. ఊరంత తిరిగి చూడాలె."

నిజంగానే ఊరంతా తిరిగారు. మంచినీళ్ళ ట్యాంకుల కింద, బోరింగుల పక్కన, కార్లు కడిగే చోట్ల చూశారు. తిరుమలగిరిలో మిలిటరీ వాళ్ళ గోడ వెంట ఒక పైపు కారుతుంటే, ఆ చెమ్మలో చాపెడంత పొన్నగంటి కనిపించింది. దేవమ్మ వంగి గోటితో నొక్కింది. గోరు ఆగింది. కొడవలి తీసేలోపు తుపాకీ భుజాన వేసుకున్న కుర్ర జవాను వచ్చాడు.

"అమ్మా, ఘాస్ క్యోం కాట్ రహే?" అన్నాడు, గడ్డెందుకు కోస్తున్నావని.

"ఘాస్ నై బేటా, సబ్జీ" అంది దేవమ్మ. "ఆంఖ్ కో అచ్ఛా. తూ భీ ఖా, గోలీ సీదా జాతీ."

కళ్ళకు మంచి కూర, తింటే గుండు సూటిగా పోతుందనేసరికి జవాను నవ్వాపుకుని అటు తిరిగి నిలబడ్డాడు. ఆ రోజు నాలుగు కట్టలైంది. అమ్మడానికి చాలదు. ఇంట్లో వండుకున్నారు. దేవమ్మ పప్పులో వేళ్ళు ముంచి నాకింది. "ఇగో, ఇది" అంది అంతే. మళ్ళీ వెళ్ళేసరికి పైపుకు మరమ్మతు చేశారు. ఇంకొన్నాళ్ళకు పోతే నేల ఎండి నెర్రెలు విచ్చి ఉంది. "నల్లా బాగైంది, వాళ్ళకు మంచిదే" అంది దేవమ్మ. తిరుగు బస్సులో మాత్రం కొడవలిని గుడ్డలో చుట్టి సంచి అడుక్కు తోసింది.

అది జరిగిన వేసవి పోయి, వానలు పడ్డాక ఒకరోజు సాయంత్రం దేవమ్మ సీతాఫల్‌మండి నుంచి ఆలస్యంగా వచ్చింది. చంకలో సంచి. గచ్చు మీద కుమ్మరిస్తే పొన్నగంటి. సన్నటి కాడ, చిన్న ఆకు, కాడకు అతుక్కున్న తెల్లటి పూత.

"యాడిదే?" అంది ఊర్మిళ మిషను మీంచి లేచి.

"తిర్మలగిరి దిక్కు."

"పైపు బాగు చేసిన్రు గదా?"

"ఇంకో పైపు."

"నన్ను తీస్కపోలే?"

"నీకు జాకెట్లున్నయి. ఉన్నవి కుట్టు పో."

ఆమె మొహంలో అత్త దగ్గర నేర్చుకున్న గుట్టు కనిపించింది. ఊర్మిళ మళ్ళీ అడగలేదు. అమ్మకు దాచుకోవడానికి ఒక చోటు మళ్ళీ దొరికినందుకు సంతోషించింది కూడా.

మర్నాడు ఊర్మిళ పని మానుకుని తల్లి వెంట వెళ్ళింది. బస్సులో దేవమ్మ ఆధార్ కార్డు చూపించి ఆడవాళ్ళకు ఊరికే ఇచ్చే జీరో టికెట్టు తీసుకుంది. తట్టకు టికెట్టు తీయమని కండక్టరు వేళాకోళమాడితే, "దానికి సుత ఆధార్ కార్డు తెస్త తియ్" అంది. గిర్ని మెట్టు మీద కూర్చుంది. గొంతు సవరించుకుంది. ఎన్నాళ్ళుగానో ఆగిన పిలుపు మొదట సగంలో విరిగింది. రెండోసారి సందు చివరిదాకా పోయింది.

"పొనగంటీ... చెర్వు... గట్టు పొనగంటీ..."

జగదాంబ గేటు తీసుకుని వచ్చింది. ఒక కాడ తీసి, తుంచి, ఊదింది. బుగ్గలు ఉబ్బాయి. గాలి రాలేదు.

"రావడం లేదే!"

"రాదు. చెప్పిన గద, అసలుది తెచ్చేదాంక ఒర్ర అని."

"ఎక్కడ దొరికిందే?"

"గదడగొద్దు. నీకు కూర గావాల్నా, ఊరు పేరు గావాల్నా?"

"కట్టెంత?"

"ఇరవై."

"ఇరవయ్యా! మా పెరట్లో మొలిస్తే ఊరికే వస్తుంది."

దేవమ్మ ఒక్క క్షణం తల వంచుకుని తట్టలో కట్టలు సర్దింది. తర్వాత, "మొలిపించుకో మరి. ఎవలొద్దన్నరు?" అంది.

ఇద్దరూ పదిహేనుకు ఒప్పుకున్నారు. ఊర్మిళకు ఆ రోజు తల్లి తట్ట దించిన తీరు, ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కున్న తీరు కూడా గుర్తుంది. పెళ్ళి చేసి వచ్చిన మనిషిలా కనిపించింది.

అప్పటి నుంచి ఇంచుమించు రెండేళ్ళు, వారానికి రెండుసార్లు, దేవమ్మ సంచిలో పొన్నగంటి వచ్చేది. ఎక్కువ కాదు, పది కట్టలు, ఒక్కోసారి పన్నెండు. సాయంత్రం తెచ్చేది, రాత్రి బాగుచేసేది, తెల్లారి తీసుకెళ్ళేది. మళ్ళీ మోసపోకూడదని ప్రతి కాడా నొక్కి చూసేది.

*

మాసికం దగ్గర పడుతుండగా ఊర్మిళ తిరుమలగిరి వెళ్ళింది. గోడ పొడుగునా నడిచింది. కారే పైపు ఒక్కటీ లేదు. వానలకు మొలిచిన గడ్డి ఉంది, వయ్యారిభామ ఉంది, పొన్నగంటి లేదు. ఇంకో రోజు చెరువు గట్టంతా తిరిగింది. గాలి పలికే కాడలు కావలసినన్ని ఉన్నాయి. మాసికానికి ముందురోజు సీతాఫల్‌మండి వెళ్ళి సలోమిని అడిగింది.

"మీ అమ్మ నాకు చెప్తదా బిడ్డా? కన్న బిడ్డకే చెప్పలే" అంది సలోమి, మూరతో పూలు కొలుస్తూ.

"జగదాంబాంటీకి తెలుస్తదేమో?"

"ఆమె లేదు. కూతురు మాధురికి ఆపరేషనని మొగుడు పెండ్లాం ఇద్దరు వైజాగ్ పోయిన్రు. మీ అమ్మ ఆఖరుసారి వచ్చిన్నాడే, పొద్దుగూకినంక రైలెక్కిన్రు. పాపం, ఆమెకు ఎవలు చెప్పిన్రో లేదో."

ఊర్మిళ గేటు దాకా వెళ్ళింది. తాళం వేసి ఉంది. చువ్వల్లోంచి మెట్లు, తులసి కుండీ కనిపించాయి. పైవాటా వాళ్ళ బట్టలు దండెం మీద ఆరుతున్నాయి. కాసేపు నిలబడి బస్సెక్కి ఇంటికొచ్చింది.

మాసికానికి లక్ష్మణ్ ఆటోలోంచి కొనుక్కొచ్చిన పొన్నగంటే వండారు. పెద్ద ఆకు, ఏపుగా ఉంది. ఊర్మిళ పెసరపప్పుతో కలిపి విస్తట్లో వడ్డించింది. బ్రహ్మచారి బాగుందన్నాడు. పావురాలు వచ్చి అన్నం తిని, కూర వదిలేసి పోయాయి. ఊర్మిళ దాన్ని ఎవరికీ చూపించలేదు.

పది రోజుల తర్వాత దేవమ్మ ఫోను మోగింది. ఆ ఫోనును ఊర్మిళ ఛార్జింగు పెడుతూనే ఉంది, ఎందుకో ఆమెకే తెలియదు.

"ఏమ్మా దేవమ్మా, ఏమైపోయావే?" అవతల జగదాంబ గొంతు. "నిన్న రాత్రి వచ్చాం. నీ పొన్నగంటి నా పెరట్లో కాలు పెట్టనీయడం లేదు. బాత్‌రూం తలుపు కూడా తెరుచుకోవడం లేదు. కోసుకుపోవేం?"

ఊర్మిళకు మొదట అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ముందు చెప్పాల్సింది ముందు చెప్పింది. అవతల వెనక ఎక్కడో ప్రెషర్ కుక్కరు కూత వినిపించింది. "రా తల్లీ" అంది జగదాంబ చివరికి. "ఒకసారి రా."

పెరడు మరీ పెద్దదేం కాదు. బట్టలుతికే బండ, పక్కన బాత్‌రూం, గోడ వారగా నీళ్ళు పోయే సన్నటి కాలువ. పైవాటా వాళ్ళు ఉతుక్కున్న నీళ్ళు కూడా దాంట్లోంచే పోతాయి. ఆ కాలువ గట్టు పొడుగునా, బండ కింద, గోడ మూలన పొన్నగంటి గుబురుగా అల్లుకుని ఉంది. ఊర్మిళ వంగి ఒక కాడను గోటితో నొక్కింది. గోరు ఆగింది. కింద ముదురు కాడల్లో పాత కోతలు కనిపించాయి. ప్రతి కోత గణుపుకు పైనే ఉంది.

"ఎవరూ నాటలేదు" అంది జగదాంబ, మెట్టు మీద కూర్చుని. కళ్ళు తుడుచుకున్న కొంగు ఇంకా చేతిలోనే ఉంది. "మీ అమ్మ దగ్గర కొన్న కట్టలే. ఆకు దూసుకుని, కాడలు ఇటు విసిరేసేదాన్ని. మీ చెరువు బాగున్నప్పటివి. అవే బతికాయి. నేను కలుపనుకున్నాను. ఒకరోజు వంటింటి కిటికీలోంచి చూస్తే, మీ అమ్మ బాత్‌రూం ముందు గొంతుక్కూర్చుని కాడ ఊది చూస్తోంది. ఊదుతోంది, నవ్వుకుంటోంది."

"మీకు మొదట్నుంచి తెలుసా ఆంటీ?"

"తెలుసు."

"మరి పైసలిచ్చి కొన్నరెందుకు? మీ పెరట్లదే గదా!"

"నాదెలా అవుతుందే? నేను పారేసిన దాన్ని పోల్చుకున్నది ఆవిడ. అయినా తెలుసని చెబితే సిగ్గుపడి కోయడం మానేస్తుంది. మొదటి రోజు నోరు జారి పెరడని అన్నాను చూడు, ఆ తర్వాత ఫోనులో తొందరపడి అనేదాకా మళ్ళీ అనలేదు." ముక్కు చీదుకుంది. "బేరం మాత్రం మానలేదనుకో."

ఊర్మిళ అక్కడే బండ మీద కూర్చుంది. ఆ రెండేళ్ళూ పొన్నగంటి సాయంత్రం ఈ పెరట్లోంచి సంచిలోకెక్కి, బస్సులో కాప్రా వచ్చి, గచ్చు మీద కట్టలై, తడిగుడ్డ కింద తెల్లారి, మళ్ళీ బస్సెక్కి ఈ గేటు ముందుకే వచ్చి అమ్ముడుపోయింది. అక్కడ నేల ఎండి కనిపించిన రోజు తర్వాత దేవమ్మ తిరుమలగిరి వైపు ఒక్కసారి కూడా పోలేదు.